సాక్షి ముక్క

కొత్త లేజరును సరిచూసుకోవడానికి ఖాళీ సిలికాన్ ముక్క ఏదైనా ఉంటే ఇమ్మని ఇచాసో అడిగింది. అడుగుతూ గాజు బీరువాలో ఉన్న పెట్టె వైపు చూసింది.

ఎలాదియో తల ఎత్తలేదు. "అది ఖాళీది కాదు."

"ఖాళీదేనని లెయాంద్రో గారు చెప్పారు."

"లెయాంద్రో చాలా చెబుతాడు."

మాద్రిద్‌లో జూన్ నెల. పైన వీధులు కాలిపోతున్నాయి. భౌతికశాస్త్ర శాఖ నేలమాళిగలో మాత్రం ఎప్పుడూ ఒకటే చలి. లేజరుకు చలి కావాలి, మనుషులు కోట్లు తొడుక్కుంటారు. ఎలాదియో ఆ గదిలో పడి ముసలివాడయ్యాడు. గోధుమ తప్ప మరేమీ పండని పాలెన్సియా పల్లెలో పుట్టి, చలికాలం పొద్దున ఒక్కో పిల్లాడూ ఒక్కో కట్టె చంకలో పెట్టుకెళితే తప్ప పొయ్యి వెలగని బడిలో చదివాడు. ఎంత చదివినా ఆ బడి అతన్ని వదల్లేదు. తక్కువ మాట్లాడేవాడు. ఒకసారి కోపం వస్తే దాన్ని కట్టెలా చంకలో పెట్టుకునే తిరిగేవాడు.

పెట్టెలో ఉన్నది ఫుయెన్సాంత చివరిసారి చేసిన సిలికాన్ పలకలో పావు వంతు. ఫుయెన్సాంత అతని భార్య. పోయి రెండేళ్లు దాటింది.

ఆ గదిలో పని చేసేవాళ్లందరిదీ ఒకటే యావ. సిలికాన్‌కు మామూలు వెలుగు కనిపిస్తుంది, పరారుణ కాంతి కనబడదు. వేడి వస్తువుల నుంచి వచ్చే ఆ వెలుగు సిలికాన్‌లోంచి గాజులోంచి పోయినట్టు పోతుంది. దానికి కళ్లు తెప్పించాలంటే లోపల టైటానియం నాటాలి, అదీ సిలికాన్ తనంతట తాను ఒప్పుకునే దానికన్నా ఎన్నో రెట్లు. మర్యాదగా అడిగితే ఒప్పుకోదు కాబట్టి అణువుల్ని తుపాకీ గుండ్లలా లోపలికి కొట్టాలి. ఆ దెబ్బలకు పైపొర నలిగి పాడవుతుంది. అప్పుడు లేజరుతో ఒక్క మెరుపు కొడితే పైపొర కరిగి, రెప్ప వేయడానికి పట్టే కాలంలో వెయ్యో వంతు కూడా పట్టకుండా మళ్లీ గడ్డకడుతుంది. పారిపోవడానికి టైటానియానికి వ్యవధి దొరకదు. ఎక్కడిది అక్కడే చిక్కుకుంటుంది. పొర నయమవుతుంది, చూపు వస్తుంది.

నాటడం, నాటిన ముక్కను తీసి లేజరు కింద పెట్టడం ఫుయెన్సాంత పని, మెరుపు ఎలాదియో పని. ముప్పై ఏళ్లు అలాగే గడిచాయి.

నాటిన ప్రతి పలకనూ నాలుగు ముక్కలు చేసేవాళ్లు. మూడింటికి లేజరు, నాలుగోదానికి ఏమీ లేదు. అది సాక్షి. రేపు ఎవరైనా వేలు చూపిస్తే, లేజరు తాకక ముందు ఇది ఇలా ఉండేదని చెప్పడానికి. ఎంత అవసరం వచ్చినా సాక్షిని కాల్చకూడదన్నది ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క మతం.

ఈ సాక్షితో పాటు కోసిన మిగతా మూడు ముక్కల్నీ లెయాంద్రో వెరాస్తెగి కాల్చాడు. అతను వాళ్ల బృందానికి పెద్ద, ఎలాదియోకు చదువుకునే రోజుల నుంచీ తెలిసినవాడు. ఫుయెన్సాంత ఆసుపత్రిలో ఉంది, ఎలాదియో ఆమె పక్కన ఉన్నాడు, పరిశీలకులు వచ్చే వారం రాబోతున్నారు. లెయాంద్రో తానే బీరువా తెరిచి, తానే లేజరు వెలిగించి, మూడు ముక్కలూ కాల్చి, తానే కొలిచాడు. టైటానియం జాడ లేదు. కాల్చక ముందే అవి అద్దంలా మెరుస్తున్నాయని, నాటిన ముఖం అలా మెరవదని, అసలు అణువుల ధార పలకను తాకనే లేదని తేల్చాడు. నాటే యంత్రంలో లెక్కపెట్టే మీటరు అప్పటికే ఒకటికి రెండుసార్లు అబద్ధం చెప్పి ఉంది. ఈసారి నాటినట్టే చూపించినా దాని మాట ఎవరూ వినలేదు.

తర్వాత బల్ల ముందు నిలబడి అందరికీ చెప్పాడు. "ధార ముందున్న గేటు తెరవడం మరిచిపోయింది పాపం. జబ్బు మనిషి. తప్పు పట్టకండి."

తిట్టినా బాగుండేది. పాపం అన్నాడు.

ఆసుపత్రికి కూడా వచ్చాడు, మిఠాయి పెట్టె పట్టుకుని. మంచం అంచున కూర్చుని మెత్తగా చెప్పాడు. "ముక్కలు ఖాళీగా వచ్చాయి ఫుయెన్సాంతా. మనసులో పెట్టుకోకు." ఆమె తన చేతులు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "అయితే గేటు మరిచానేమో," అంది. ఎలాదియో కిటికీ దగ్గర నారింజ ఒలుస్తున్నాడు. లెయాంద్రో వెళ్లాక ఆమె అడిగింది.

"నువ్వేమంటావయ్యా? మరిచానంటావా?"

"పడుకో," అన్నాడు.

ఆమె మళ్లీ అడగలేదు. మిఠాయి ఎవరూ తినలేదు.

ఆ రోజు నుంచి ఆ పెట్టె బీరువాలో ఉంది. అతను తెరవలేదు. తెరవనంతవరకు ఫుయెన్సాంత మరిచిందీ నిజం కావచ్చు, మరవనిదీ నిజం కావచ్చు. తెరిస్తే ఒక్కటే మిగులుతుంది.

ఇచాసో బల్ల మీద మోచేతులు ఆనించింది. బిల్బావో పిల్ల, చదువు ముగించుకుని వచ్చి ఏడాది కాలేదు. ఎవరికీ జంకదు. "శుక్రవారం లెయాంద్రో గారి పదవీ విరమణ. సోమవారం బీరువాలు ఖాళీ చేస్తారు. పనికిరాని ముక్కలన్నీ పారెయ్యమని నాకే చెప్పారు. ఆ పెట్టె కూడా."

"నేను ఇంటికి తీసుకెళతాను."

"తీసుకెళ్లి? పక్కన కొవ్వొత్తి పెడతారా?"

"నోరు ఎక్కువైంది పిల్లా నీకు."

"మా అమ్మ కూడా అదే అంటుంది. చూడండి, కొత్తగా తెప్పించిన పలకలకు ఒక వైపే నునుపు. నాకు ఆ పాతదానిలా రెండు వైపులా నునుపున్నవి కావాలి, అవి రావడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. అది నిజంగా ఖాళీదైతే మీకు పోయేదేమీ లేదు. కాకపోతే లేజరు తాకగానే తెలుస్తుంది. నాటిన ముఖం మీద మెరుపు పడితే తుడిచిన కిటికీలా చదరం తేలుతుంది కదా."

"సాక్షిని కాల్చకూడదు."

"సాక్షిని నోరు కట్టేసి కూర్చోబెట్టకూడదు కూడా."

ఎలాదియో ఆమె ముఖంలోకి చూశాడు. ఫుయెన్సాంత ఉంటే అదే మాట అనేది. అతను లేచి కాఫీ మూలకు వెళ్లాడు.

కాఫీ మూలలో ట్రే మీద అందరి కప్పులూ నిలబడి ఉంటాయి. ఒక్క కప్పు బోర్లా ఉంటుంది. ఫుయెన్సాంతది. ఎవరూ దాన్ని తీయలేదు, తిప్పలేదు. మూర్సియా నిమ్మతోటల్లో, దుమ్ము గాలిలో పెరిగిన మనిషి. ఇంట్లో కప్పులు, పళ్లాలు, గిన్నెలు, గ్లాసులు అన్నీ బోర్లించేది. చదువుతూ లేచిన పుస్తకాన్ని కూడా బోర్లించేది. "దుమ్ము పైనుంచి పడుతుందయ్యా, కింద నుంచి ఎగరదు," అనేది. భోజనానికి వచ్చినప్పుడల్లా లెయాంద్రో నవ్వేవాడు. "మీది ఇల్లు కాదు, గబ్బిలాల గూడు. అన్నీ తలకిందులే." ఆ ఇంట్లో ఎలాదియో గెలిచింది ఒక్క రొట్టె విషయంలోనే. అతని పల్లెలో, పైన ఉబ్బి అడుగున చదునుగా ఉండే రొట్టె బోర్లా పడితే తల్లి పరుగెత్తుకొచ్చి వెల్లకిలా తిప్పి ముద్దు పెట్టుకునేది. రొట్టె బోర్లా ఉంటే ఆ ఇంటికి కీడు. ఫుయెన్సాంత ఒప్పుకుంది. "సరే, రొట్టెకు మాత్రం మీ ఊరి చట్టం," అంది.

అతను తన కప్పులోకి ఊది, కాఫీ పోసుకున్నాడు. తాగకుండా అక్కడే పెట్టి తిరిగి వచ్చాడు.

"ఒక్క మెరుపు," అన్నాడు. "ఒక మూలన. మిగతాది సాక్షిగానే ఉంటుంది."

ఇచాసో బీరువా నుంచి పెట్టె తెచ్చింది.

తలుపు మూసి ఎర్ర దీపం వెలిగించారు, కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఇచాసో పెట్టె మూత తీసింది. ముక్క అద్దంలా మెరిసింది. లెయాంద్రో చెప్పినట్టే మెరిసింది. ఆమె పటకారుతో అంచు పట్టి, ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఎత్తి, లేజరు కింద పెట్టింది.

మీట ఎలాదియో నొక్కాడు. పెనం మీద శనగ పేలినట్టు చిన్న చప్పుడు.

ఇద్దరూ వంగి చూశారు. అద్దం అద్దంగానే ఉంది. చదరం లేదు, మరక లేదు. ఇచాసో దీపాన్ని పక్కకు వంచి మళ్లీ చూసింది. ఏమీ లేదు.

ఖాళీ అన్న మాట ఆమె అనలేదు. అనకపోవడం అతనికి వినపడింది.

అతను స్టూలు మీద కూర్చుని కళ్లద్దాలు తీశాడు. అయితే మరిచింది. చేతులు వణికే రోజుల్లో, ఎవరినీ పిలవకుండా, ఒంటరిగా యంత్రం ముందు కూర్చుని, గేటు మూసి ఉన్న ధార ముందు పలకను ఒక పూటంతా పెట్టింది. పాపం అన్నాడు లెయాంద్రో. నిజమే చెప్పాడు. ఇప్పుడు అతన్ని ద్వేషించడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఇచాసో ముక్కను తిరిగి పెట్టెలో పెట్టబోయి ఆగింది. అతన్ని ఆ నిశ్శబ్దంలో వదిలెయ్యడం ఇష్టం లేక ఏదో ఒకటి అడిగింది.

"ఇదేం పెట్టె? అడుగున గుంట ఉంది. ముక్క అంచుల మీదే ఆనుతోంది. మన పెట్టెలన్నీ బల్లపరుపుగా ఉంటాయిగా."

"ఆవిడదే. చదువుకున్న చోటు నుంచి ఇలాంటివి కొన్ని తెచ్చుకుంది."

"గుంట ఎందుకు? కింది ముఖానికి ఏదీ తగలకుండానా? కింది ముఖానికి ఏం తగిలితే ఏం?"

"దుమ్ము," అన్నాడు ఎలాదియో, ఆలోచించకుండానే. "దుమ్ము పైనుంచి పడుతుంది."

తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవిన పడ్డాక అతను కదల్లేదు. ఇచాసో కూడా కదల్లేదు.

"తిప్పు," అన్నాడు.

ఆమె తిప్పింది.

రెండో ముఖం అద్దం కాదు. ఏటవాలు వెలుగులో అది పాలు కలిపిన నీళ్లలా ఉంది. అంచు నుంచి అంచు దాకా ఒకే మసక, ఎక్కడా చార లేదు, గీత లేదు. నాటినవాళ్లలో అంత సమంగా నాటే చెయ్యి ఆ శాఖలో ఒక్కటే ఉండేది.

"బోర్లించి పెట్టారు," అంది ఇచాసో మెల్లగా. "అయ్యో. అందరూ వెల్లకిలా పెడతారు."

ఎలాదియో కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. వేలు మీట మీద ఉంది కాని వెంటనే నొక్కలేకపోయాడు. రెండో మూలన మెరుపు పడింది. పాలనీళ్ల మధ్య ఒక చదరం తేటపడింది, చలికాలం పొద్దున ఎవరో అరచేత్తో కిటికీ తుడిచినట్టు.

ముక్కను పరారుణ దీపం ముందు పెట్టి కెమెరాలో చూశారు. తెర మీద సిలికాన్ లేనట్టే ఉంది, వెనక ఉన్న దీపం తీగ దానిలోంచి కనబడుతోంది. మొదటి మెరుపు పడిన చోటా అంతే. రెండో మెరుపు పడిన చోట మాత్రం తీగ కాస్త మసకబారింది. గొప్ప నలుపేమీ కాదు. లాంతరు చిమ్నీకి పట్టిన పొగచూరంత. వెలుగు అక్కడ ఆగుతోంది. అక్కడ సిలికాన్‌కు కనబడుతోంది.

ఇచాసో బీరువా దగ్గరికి వెళ్లి, లెయాంద్రో కాల్చి పక్కన పడేసిన మూడు ముక్కల్నీ తెచ్చింది. ఒక్కోదాన్ని తిప్పింది. మూడూ పాలనీళ్లే. లెయాంద్రో మెరుపులు మూడింటికీ వీపు మీద పడ్డాయి. ఫుయెన్సాంత నాటింది నాటినట్టే ఇన్నాళ్లూ కింది ముఖాన ఉంది.

"కొలిచేటప్పుడు కూడా ఒక్కసారి తిప్పలేదా?" అంది ఇచాసో. "ఒక్కసారి."

"తిప్పాలంటే ముందు అనుమానం రావాలి. తన మీద," అన్నాడు ఎలాదియో.

ఆ మాట లెయాంద్రో గురించే అన్నాడు. కాని అన్నాక కిటికీ దగ్గర నారింజ ఒలుస్తున్న మనిషి కూడా అతనికి గుర్తొచ్చాడు. ముప్పై ఏళ్లు బోర్లించిన కప్పుల్ని వెల్లకిలా తిప్పి కాఫీ పోసుకున్న మనిషి. ఆమె అడిగినప్పుడు, పెట్టె తెచ్చి చూపించమంటావా అని అడగగలిగిన ఒకే ఒక్క మనిషి. పెట్టెలో ముక్కను ఎలా పెట్టానో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఆమెకు తట్టి ఉండదు. ఇంట్లో మనిషికి తెలియదా అనుకుని ఉంటుంది.

లెయాంద్రో తన గదిలో పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నాడు. చొక్కా చేతులు మడిచి, చెమటతో, ఉల్లాసంగా ఉన్నాడు. ఎలాదియోను చూసి చేతులు చాచాడు.

"రా రా పల్లెటూరి మొద్దూ. శుక్రవారం మాట్లాడతావా లేదా? నా గురించి రెండు అబద్ధాలు చెప్పలేవూ?"

ఎలాదియో సాక్షి ముక్క ఉన్న పెట్టెను అతని ముందు పెట్టి మూత తీశాడు. పటకారుతో ముక్కను తిప్పి చూపించాడు. జరిగింది చెప్పాడు. ఎక్కువ మాటలు పట్టలేదు.

లెయాంద్రో వంగి చూశాడు. అతను మూర్ఖుడు కాడు. వివరించాల్సిన అవసరం రాలేదు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"గబ్బిలాల గూడు," అన్నాడు చివరికి. "నేనే అనేవాణ్ణి."

"నువ్వే."

"ఆసుపత్రిలో... ఆమె ఎందుకు అడగలేదు? ఏ ముఖం కాల్చావని ఒక్క మాట అడిగి ఉంటే..."

"ఆమె మీద పెట్టకు."

లెయాంద్రో ముఖం తుడుచుకున్నాడు. "నిజమే. నిజమే. తప్పు నాది. ఎలాదియో, క్షమించు."

"క్షమించాల్సిన మనిషి లేదు."

"నిన్ను అడుగుతున్నాను."

"నన్నెందుకు? గేటు మరిచిందని అన్నది నన్ను కాదు."

ఇద్దరి మధ్య అట్టపెట్టెలు ఉన్నాయి. కిటికీ బయట ఎవరో సైకిలు గంట మోగించుకుంటూ పోయారు. లెయాంద్రో గొంతు తగ్గించాడు. "అందరికీ రాస్తాను. మాటిస్తున్నాను. కొలతలన్నీ మళ్లీ చేయించి, ఆమె పేరు మొదట పెట్టి రాస్తాను. శుక్రవారం ఒక్కటి గడవనీ. పిల్లలు వస్తున్నారు, మనవరాలు వస్తోంది. నలభై ఏళ్ల పనికి వీడ్కోలు అది."

"అప్పుడు నువ్వు రాయలేదు," అన్నాడు ఎలాదియో. "నిలబడి చెప్పావు. శుక్రవారం నిలబడే చెప్పు. పాపం అన్న మాట మాత్రం రాకూడదు."

"లేకపోతే?"

"నేను మాట్లాడతాను. మాట్లాడమని నువ్వేగా అడిగావు."

పెట్టె మూసి తీసుకుని వచ్చేశాడు.

శుక్రవారం భోజనం విశ్వవిద్యాలయం దగ్గర ఒక పాత ఫలహారశాలలో. పొడవాటి బల్ల, తెల్ల గుడ్డ, వైను, వేయించిన మిరపకాయలు, గొర్రె మాంసం. లెయాంద్రో కూతుళ్లు వచ్చారు. మనవరాలు బల్ల కింద దూరి అందరి బూట్ల లేసులూ విప్పుతోంది. ఎలాదియోను లెయాంద్రో పక్కనే కూర్చోబెట్టారు. పాత స్నేహితులు కదా. ఇచాసో ఎదురుగా కూర్చుంది. ఎలాదియో ఏమీ తినలేదు.

మాంసం తినడం అయ్యాక లెయాంద్రో లేచాడు. మొదట నవ్వించాడు. తన గురువుల గురించి, కాలిపోయిన ఫ్యూజుల గురించి, ఒకసారి నేలమాళిగలోకి నీళ్లు వస్తే తాను లేజరు మీద ఎక్కి కూర్చున్న సంగతి గురించి. అందరూ నవ్వారు. ఎలాదియో కుర్చీ వెనక్కి జరిపాడు. ఆ చప్పుడు లెయాంద్రో విన్నాడు.

ఆగాడు. ముందున్న రొట్టెను చేతిలోకి తీసుకుని, చూడకుండానే తిరిగి పెట్టాడు.

"ఇంకొక సంగతి. ఫుయెన్సాంత చివరి పలక ఖాళీగా వచ్చిందని మీ అందరికీ చెప్పాను. అది ఖాళీది కాదు. ఆమె గేటు మరవలేదు. ఏమీ మరవలేదు. నేను మూడు ముక్కల్నీ వెనక ముఖం మీద కాల్చాను. కాల్చి, తప్పు ఆమెదని చెప్పాను. ఆసుపత్రికి వెళ్లి ఆమెకు కూడా చెప్పాను. ఆమె నమ్మింది." ఇంకా ఏదో చెప్పబోయాడు. "అంతే," అన్నాడు.

బల్ల చుట్టూ ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. ఒక కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. చివరన కూర్చున్న ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, పదవీ విరమణ భోజనంలో ప్రసంగం ముగిస్తే కొట్టాలి కాబట్టి. తర్వాత అందరూ కొట్టారు. ఎంత నిజాయితీ అని ఒకరు అన్నారు. ఇచాసో కొట్టలేదు. ఆమె ఎలాదియోనే చూస్తోంది.

లెయాంద్రో కూర్చున్నాడు. అతని పళ్లెం పక్కన రొట్టె బోర్లా పడి ఉంది.

ఎలాదియో చెయ్యి చాచి దాన్ని వెల్లకిలా తిప్పాడు.

లెయాంద్రో అది చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎలాదియో భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు కూడా అది నచ్చింది.

అది క్షమించడం కాదు. రొట్టె బోర్లా ఉండకూడదు, అంతే. ఎలాదియో ఆ చేతి కింద నుంచి భుజం తీసుకుని, లేచి, కోటు జేబు తడుముకున్నాడు. పెట్టె జేబులోనే ఉంది, అందులో సాక్షి ముక్క పాలనీళ్ల ముఖం కిందికి పెట్టి, అంచుల మీద ఆని. అతను ఎవరికీ చెప్పకుండా ఎండలోకి వెళ్లిపోయాడు.